బ్యారేజీ మీద నీ పిల్లవాడు

విజయవాడ

అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. తండ్రి పాత్ర బాగుంది. మూడో పేజీలో ఆటిజం ఉన్న పిల్లవాణ్ణి ప్రకాశం బ్యారేజీ మీద నిలబెట్టి, "వాడికి లోకమంతా మసకగా, అర్థంకాని ముక్కలుగా కనిపించింది" అన్నావు. ఆ వాక్యం కొట్టెయ్యి. మసక ఎక్కడిది? మనం "బ్యారేజీ" అనుకుని 70 గేట్లనూ ఒక్క మాటలో కలిపేస్తాం. వాడి చూపు ముందు ఒక గేటు దగ్గర ఆగుతుంది. అంచున తుప్పు చార, కింద సందులోంచి చిమ్ముతున్న సన్నటి నీటిధార, పక్క గేటుకు ఆ ధార లేకపోవడం.

పెద్ద బొమ్మలో దాగిన చిన్న ఆకారాన్ని పట్టుకునే పరీక్షను 1983లో మనస్తత్వవేత్తలు అమితా షా, ఊటా ఫ్రిత్ పెట్టారు. ఆటిజం ఉన్న పిల్లలు అదే మానసిక స్థాయి ఉన్న మిగతా పిల్లల్ని మించారు. 1993లో దిమ్మెలతో నమూనా పేర్చమన్నారు. నమూనాను ముందే ముక్కలుగా విడదీసి చూపిస్తే మిగతావాళ్లు బాగా పుంజుకున్నారు, వీళ్లకు అంత తేడా రాలేదు. విడదీసే పని వీళ్ల కళ్లు అప్పటికే చేసేశాయి. అలాగని వాడికి మొత్తం కనపడదని రాయకు. మొత్తాన్ని చూడమంటే చాలామంది చూస్తారు. ఎవరూ చెప్పనప్పుడు చూపు ముందు ఎటు పోతుందన్నదే తేడా, అదీ అందరిలో ఒకేలా ఉండదు.

కాబట్టి ఆ పేరా తిరగరాయి. "బ్యారేజీ" అన్న మాట చివరికి నెట్టు. ముందు ఆరు వస్తువులు పెట్టు: ఎన్ని, ఏ రంగు, ఏది దేనికి ఎడమవైపు. "లాగా", "వలె" అన్నీ తీసెయ్యి. ఉపమానం వచ్చిందంటే చూపు వస్తువు మీంచి జారిపోతుంది. ఈ మాట మీద నేను రాజీపడను. "వర్ణన తగ్గించి ఉద్వేగం పెంచండి" అంటూ కథలు తిప్పిపంపే సంపాదకులు నాకు బాగా తెలుసు. వినకు. వాడి ఉద్వేగమంతా ఆ గేటులోనే ఉంది.

ఐదో పేజీలో వాడు "ఊరికే" ఏడ్చాడన్నావు. ఊరికే కాదమ్మా. భాగాలన్నీ మొదటిసారి చూసినట్టే ఉంటే తప్ప ఈ పిల్లలకు ఒక దృశ్యం పూర్తి కాదని పిల్లల మనోవైద్యుడు లియో కానర్ 1943లోనే రాశాడు. నిన్న దించి ఉన్న గేటు ఇవాళ ఎత్తారు. తండ్రికి అదే బ్యారేజీ, వాడికి కాదు. ఎత్తిన గేటు ముందు చూపించు, ఏడుపు తర్వాత.

చివర్లో బొమ్మ గీసి బహుమతి కొట్టించకు. హెలికాప్టర్‌లోంచి చూసొచ్చి టోక్యో నగరాన్ని జ్ఞాపకం నుంచి గీసిన, ఆటిజం ఉన్న చిత్రకారుడు స్టీఫెన్ విల్ట్‌షైర్ లాంటివాళ్లు అరుదు.

ఏ పత్రికకు పంపాలన్నది తర్వాత చూద్దాం. ఈసారి గుంటూరు నుంచి వచ్చేటప్పుడు సీతానగరం దగ్గర దిగి నడు. వాడు చూసింది ఆ వైపు నుంచి ఎన్నో గేటో లెక్కపెట్టి నాకు రాయి.