లాగిన్ పేజీలో హెచ్చరిక ఎందుకు వస్తోంది?

ప్రశ్న: మాది నల్లగొండలోని ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాల. విద్యార్థులు హాల్‌టికెట్ నంబరు, పాస్‌వర్డ్ ఇచ్చి వైఫై వాడుకునేలా రూటర్‌లో లాగిన్ పేజీ పెట్టాము. కొన్ని ఫోన్లలో ఆ పేజీ రావడమే లేదు. వచ్చినచోట ‘కనెక్షన్ సురక్షితం కాదు’ అనే హెచ్చరిక కనిపిస్తోంది. ‘అడ్వాన్స్‌డ్’ నొక్కి ముందుకు వెళ్లమంటున్నాము. దేవరకొండలో ఉండే మా అకౌంటెంటు గారు ఇంటి నుంచే బ్రౌజర్‌లో ఆఫీసు కంప్యూటర్ తెరవాలంటున్నారు. రూటర్‌లో 3389 పోర్టు (దూరం నుంచి విండోస్ కంప్యూటర్‌ను వాడే ఆర్‌డీపీ పద్ధతికి ఉన్న ద్వారం) తెరిస్తే చాలా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: ‘అడ్వాన్స్‌డ్ నొక్కండి’ అని చెప్పడం దయచేసి ఈరోజే మానండి. ఎవరైనా మీ వైఫై పేరుతోనే నకిలీ పేజీ పెట్టి పాస్‌వర్డ్‌లు సేకరిస్తే, దాన్ని పసిగట్టడానికి పిల్లలకు ఉన్న ముఖ్యమైన ఆధారం ఆ హెచ్చరికే. దాన్ని దాటేయడం అలవాటైనవారు రేపు బ్యాంకు పేజీలోనూ దాటేస్తారు.

ఆ హెచ్చరిక రావడానికి సాధారణంగా రెండు కారణాలుంటాయి. విద్యార్థి హెచ్‌టీటీపీఎస్ (సమాచారాన్ని రహస్య సంకేతాల్లో పంపే పద్ధతి) సైటు తెరవబోతే రూటర్ అడ్డుపడి తన పేజీని చూపాలని ప్రయత్నిస్తుంది. ఆ సైటు పేరుతో సర్టిఫికెట్ (సైటు అసలైనదేనని బ్రౌజర్‌కు రుజువు చేసే డిజిటల్ పత్రం) రూటర్ దగ్గర ఉండదు కనుక బ్రౌజర్ ఒప్పుకోదు. లేదా మీ లాగిన్ పేజీయే 192.168తో మొదలయ్యే అంకెల చిరునామాపై, రూటర్ తనకు తానే ఇచ్చుకున్న సర్టిఫికెట్‌తో నడుస్తూ ఉంటుంది. అందువల్ల హెచ్‌టీటీపీఎస్ మళ్లింపును ఆపి, ఆ రక్షణ లేని హెచ్‌టీటీపీ అభ్యర్థనలను మాత్రమే మళ్లించండి. కళాశాల డొమైన్ కింద లాగిన్ పేజీకి ఒక పేరు కేటాయించి, లోపలి డీఎన్ఎస్‌లో (పేర్లను అంకెల చిరునామాలుగా మార్చే వ్యవస్థలో) అది రూటర్ చిరునామాను చూపేలా చేయండి. ఆ పేరుకు లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఉచితంగా సర్టిఫికెట్ ఇస్తుంది. డొమైన్ మీదేనని డీఎన్ఎస్ రికార్డు ద్వారా రుజువు చేసే పద్ధతి ఎంచుకుంటే రూటర్‌ను ఇంటర్నెట్‌కు తెరవనక్కర్లేదు. సర్టిఫికెట్ గడువు 90 రోజులకు మించదు కాబట్టి దానంతటదే పునరుద్ధరణ అయ్యే ఏర్పాటు తప్పనిసరి.

ఇక పేజీ రాకపోవడం గురించి. ఫోను వైఫైలో చేరగానే గూగుల్ లేదా యాపిల్ సర్వర్‌కు ఒక చిన్న హెచ్‌టీటీపీ అభ్యర్థన పంపి, ఆశించిన జవాబు రాకపోతే లాగిన్ పేజీ ఉందని గ్రహిస్తుంది. లాగిన్‌కు ముందే అనుమతించిన సైట్ల జాబితాలో గూగుల్ మొత్తాన్ని చేర్చి ఉంటే, ఆండ్రాయిడ్ ఫోనుకు ఆశించిన జవాబే అందుతుంది. ఇంటర్నెట్ ఉందనుకుని అది పేజీని తెరవదు. ముందుగా ఆ జాబితాను పరిశీలించండి.

3389 పోర్టును మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ బయటికి తెరవకండి. తెరిచి ఉన్న ఆ పోర్టుల కోసం ఇంటర్నెట్‌లో నిరంతరం వెతుకులాట సాగుతూనే ఉంటుంది. దొరికినచోట పాస్‌వర్డ్‌లు ఊహిస్తూ దాడి చేస్తారు. బదులుగా ఉచితంగా దొరికే అపాచీ గ్వాకమోలీని (దూరపు కంప్యూటర్‌ను బ్రౌజర్‌లో చూపే సాఫ్ట్‌వేర్‌ను) కళాశాలలోని ఒక లినక్స్ యంత్రంపై స్థాపించండి. దాని ముందు ఎన్‌జిన్ఎక్స్ (బయటి అభ్యర్థనలను అందుకుని లోపలికి పంపే వెబ్ సర్వర్) ఉంచి, 443 పోర్టులో హెచ్‌టీటీపీఎస్ ద్వారా మాత్రమే బయటికి చూపండి. ఆఫీసు కంప్యూటర్‌తో ఆర్‌డీపీలో మాట్లాడేది లోపలున్న గ్వాకమోలీయే. అకౌంటెంటు గారికి బ్రౌజర్ ఒక్కటే చాలు. అయితే విండోస్ హోమ్ ఎడిషన్‌లో ఆర్‌డీపీ సేవ ఉండదు, ప్రో ఎడిషన్ కావాలి. ఆయన ఖాతాకు ఆ ఒక్క కంప్యూటర్‌నే కేటాయించి, 30 సెకన్లకోసారి మారే ఫోన్ కోడ్ అడిగే టీఓటీపీ విస్తరణను కూడా జోడించండి. గ్వాకమోలీ డేటాబేస్‌తో వచ్చే గ్వాక్‌అడ్మిన్ ఖాతాకు పాస్‌వర్డ్ కూడా అదే పేరు. మీ సొంత నిర్వాహక ఖాతా సృష్టించుకున్న వెంటనే, 443 పోర్టు తెరవకముందే, ఆ గ్వాక్‌అడ్మిన్ ఖాతాను తొలగించండి.