రోగి ఉన్న ఓడను విశాఖ పోర్టు తిప్పి పంపవచ్చా?

ఓడలో అంటురోగి ఉన్నాడన్న ఒక్క కారణంతో విశాఖపట్నం పోర్టు దాన్ని తిప్పి పంపకూడదు. తనిఖీ చేయవచ్చు, రోగిని విడిగా ఉంచవచ్చు, తగిన ఏర్పాట్లు లేనప్పుడు మాత్రం, ఓడ ప్రయాణించగల స్థితిలో ఉంటే, దగ్గరలోని అనువైన రేవుకు వెళ్లమనవచ్చు.

2007లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల సారం ఇదే, భారత్ వాటికి కట్టుబడి ఉంది. రోగం ఉందని చెబితే గెంటేస్తారన్న భయం ఉంటే కెప్టెన్లూ ప్రభుత్వాలూ దాన్ని దాచిపెడతారు, దాచిన రోగం మరింత దూరం పాకుతుంది. అందుకే దేశంపై కూడా అంతే బరువైన బాధ్యత పెట్టారు: అనుమానాస్పద వ్యాప్తిని 48 గంటల్లో అంచనా వేసి, అంతర్జాతీయ ముప్పు కావచ్చని తేలితే 24 గంటల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలపాలి.

ఉదాహరణకు ఎల్లో ఫీవర్ ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లో ఉంది, మన దేశంలో లేదు. కానీ దాన్ని మోయగల ఏడిస్ దోమ విశాఖలో ఇప్పటికే డెంగీని మోస్తోంది. కాబట్టి ఆ ప్రాంతాల నుంచి వచ్చే నావికుల టీకా కార్డును పోర్టు ఆరోగ్యాధికారులు పరిశీలిస్తారు. టీకా వేయించుకున్న 10 రోజులకు గాని ఆ కార్డు చెల్లదు, అది లేనివారిని 6 రోజుల వరకు వేరుగా ఉంచవచ్చు.

లంగరు వేసిన ఓడపై పసుపు జెండా కనిపిస్తే లోపల రోగం ఉందని చాలామంది అనుకుంటారు. పూర్వం పసుపు జెండాకు ఆ అర్థం ఉండేది కనుక ఈ పొరపాటు సహజమే. నేటి అంతర్జాతీయ సంకేతాల్లో మాత్రం దాని అర్థం దాదాపు తలకిందులు: మా ఓడ ఆరోగ్యంగా ఉంది, ప్రవేశానికి అనుమతి కోరుతున్నాం.