నీల్ దీవిలో నడవడానికి వస్తున్న మా స్వాతికి

చి. స్వాతికి,
అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్ నుంచి మీ అత్త ఆశీస్సులు.

రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. డిసెంబరులో వస్తున్నావట, నీల్‌లోనూ హావ్‌లాక్‌లోనూ ఒక్కదానివే కాలినడకన తిరుగుతానంటున్నావట. వాడికి ఒకటే టెన్షన్. నాకూ భయంగానే ఉంది. కానీ బారువ ఒడ్డున అల వచ్చిందంటే నా చీర కుచ్చిళ్లలో దూరిపోయిన పిల్ల ఇవాళ దీవులు నడిచి చూస్తానంటుంటే ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. అందుకే ఈ ఉత్తరం.

నీళ్ల సీసా, టోపీ, టార్చి నీకు చెప్పక్కర్లేదు. హవాయి చెప్పులు మాత్రం వద్దు, మడమకి పట్టీ ఉండి, అడుగు గట్టిగా ఉన్నవి తెచ్చుకో. టికెట్ మీద షహీద్ ద్వీప్, స్వరాజ్ ద్వీప్ అని ఉంటుంది. 2018లో నీల్‌కీ హావ్‌లాక్‌కీ పెట్టిన పేర్లే అవి, కంగారు పడకు. మనం ఇక్కడ బాగా తూర్పున ఉన్నాం కాబట్టి డిసెంబరులో అయిదింటికే సూర్యుడు దిగిపోతాడు. ఆరింటిదాకా వెలుతురు ఉంటుందిలే అనుకోవద్దు.

నీల్ నడకకి హాయిగా ఉంటుంది. సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్, అన్నీ రామాయణం పేర్లే. తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన వాళ్ల ఊళ్లు. వరిచేలు, కూరగాయల మళ్లు, పోక చెట్ల మధ్య రోడ్డు. తెల్లవారకముందే లేచి సీతాపూర్ వెళ్లు, సాయంత్రం లక్ష్మణ్‌పూర్ ఒడ్డున కూర్చో. మధ్యలో ఎక్కడైనా దారి అడిగితే చెప్పడమే కాదు, కొంతదూరం వెంట నడిచి చూపిస్తారు కూడా.

అసలు నేను చెప్పాల్సింది సహజ వంతెన సంగతి. పగడపు రాయిని సముద్రం తొలిచేసిన ఆ కమానుని అక్కడివాళ్లు హౌరా బ్రిడ్జి అంటారు. పాటు వేళలో, అంటే సముద్రం నీళ్లు వెనక్కి పోయినప్పుడే అక్కడికి నడవగలం. మీ నాన్న అక్కడ ఏం చేశాడో నీకు ఎప్పుడూ చెప్పి ఉండడు.

నువ్వు ఇంకా పుట్టలేదు. వాడు మా దగ్గరికి వచ్చాడు, అందరం నీల్ వెళ్లాం. ఆ రోజు పౌర్ణమి. పౌర్ణమికీ అమావాస్యకీ నీళ్లు బాగా వెనక్కి పోతాయి, తిరిగి వచ్చేటప్పుడు అంతే ఎత్తున వస్తాయి, ఇక్కడ రెండు మీటర్ల దాకా. మధ్యాహ్నం పాటు చూసుకుని వంతెన దాకా వెళ్లాం. రాతి గుంటల్లో చిన్న చేపలు, పీతలు, సముద్రపు దోసకాయలనే నల్లటి జీవులు చూసి మేం వెనక్కి తిరిగాం. వాడు మాత్రం "ఆ మలుపు అవతల చూసొస్తాను, నేను సముద్రం పక్కన పుట్టినవాణ్ణి" అన్నాడు. గుర్తుకోసం ఒక రాయి మీద చెప్పులు పెట్టి వెళ్లాడు.

అక్కడే పొరబడ్డాడు. మన బారువ ఒడ్డు చదునైన ఇసుక. పోటు ఎదురుగా కనపడుతుంది, నాలుగడుగులు పైకి జరిగితే సరిపోతుంది. ఇక్కడ పగడపు రాయి ఎగుడుదిగుడు. నీళ్లు ముందు పల్లాల్లోకి, పాయల్లోకి చేరతాయి. నువ్వు నిలబడ్డ రాయి పొడిగానే ఉంటుంది, నీ వెనక దారి మాత్రం నిండిపోతుంది. వాడు తిరిగి చూసేసరికి చెప్పులు లేవు, ఆ రాయే లేదు. నడుం లోతు నీళ్లు, కింద బ్లేడులాంటి రాళ్లు, పైన పొదలు, ఇంతలో చీకటి. మేం ఒడ్డున కేకలు పెడుతూనే ఉన్నాం, అలల హోరులో ఏమీ వినపడలేదు. చివరికి ఆ ఊరి కుర్రాళ్లు ఇద్దరు టార్చీలతో పైనున్న తుప్పల్లోంచి వెళ్లి వాణ్ణి తీసుకొచ్చారు.

ఆ రాత్రి మీ మావయ్య టార్చి పట్టుకుంటే, వాడి మడమలో దిగిన పగడపు ముక్కని నేను సూదితో తీశాను. బియ్యపు గింజంత ముక్క, తెల్లగా ఉంది. ఆ పుండు మానడానికి ఎన్ని వారాలు పట్టిందో! నొప్పికి కాదు, నన్ను భయపెట్టానని ఏడ్చాడు మీ నాన్న. అక్కాతమ్ముళ్లం కదా, నేనూ తిట్టడం మానేసి ఏడ్చాను.

కాబట్టి స్వాతీ, పూర్తి పాటుకి ఓ గంట ముందు బయల్దేరు, నీళ్లు తిరగకముందే వెనక్కి రా. పాటు రోజూ ముప్పావుగంట పైనే ఆలస్యమవుతుంది, నిన్నటి వేళ ఇవాళ పనికిరాదు. సాయంత్రం పాటు అయితే అసలు వెళ్లకు, పొద్దున్న పాటు చూసుకో. అక్కడి గైడుని వెంట తీసుకెళ్లు. ఈ ఒక్క విషయంలో మొండితనం చేశావంటే నేను ఊరుకోను.

హావ్‌లాక్‌లో ఎలిఫెంట్ బీచ్‌కి అడవిలోంచి దాదాపు రెండు కిలోమీటర్లు. పెద్ద పెద్ద చెట్లు, వేళ్లు, వాన పడితే చీలమండ దాకా బురద. పొద్దున్నే వెళ్లు. చివర్లో మడ చెట్లు వస్తాయి. మడ చెట్లున్న చోట, వాగు సముద్రంలో కలిసే చోట నీళ్లలోకి దిగవద్దు. ఉప్పునీటి మొసళ్లు ఉంటాయి. 2010లో రాధానగర్ తీరం దగ్గరే ఒక విదేశీ అమ్మాయి మొసలి బారిన పడి చనిపోయింది. హెచ్చరిక బోర్డు ఎక్కడ కనపడినా అక్కడే ఆగిపో.

గవ్వలు, పగడపు ముక్కలు ఒక్కటి కూడా సంచిలో వేసుకోకు. అది నేరం, ఎయిర్‌పోర్టులో తీయించేస్తారు. తిరుగు విమానానికి ముందు రెండు రోజులు మా ఇంట్లో ఉండేలా చూసుకో. 2016 డిసెంబరులో తుఫాను వచ్చి పడవలు ఆగిపోతే ఆ రెండు దీవుల్లో వెయ్యి మందికి పైగా చిక్కుకుపోయారు. ఆ రెండు రోజులు తుఫాను రాకపోతే నావి, నీకు ఇష్టమైన చేపల పులుసు చేస్తాను.

పడవ టికెట్లు కొనేముందు తేదీలు నాకు పంపు. మీ మావయ్య ఆ రోజుల పాటు వేళలు చూసి చెబుతాడు, దాన్నిబట్టి నీల్ ముందో హావ్‌లాక్ ముందో నిర్ణయించుకో.

ప్రేమతో,
అత్త