“నాది చివర్లో కుట్టమ్మా”

ప్రశ్న: మా పాప మూడో తరగతి చదువుతోంది. బడిలో వేసే నాటికకు 18 మంది పిల్లల దుస్తులు నేనే కుట్టి ఇస్తానని ఒప్పుకున్నాను. రోజూ రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా మిషన్ ముందే కూర్చుంటున్నా ఇప్పటికి రాజు, రాణి, మంత్రి, ఇద్దరు భటులవి మాత్రమే పూర్తయ్యాయి. మరో నలుగురు భటులు, ఐదు కుందేళ్లు, నాలుగు చెట్లు మిగిలి ఉన్నాయి, గడువేమో 12 రోజులే. “ఎవరు ఒప్పుకోమన్నారు?” అని మా వారు విసుక్కుంటున్నారు. చెట్టు వేషం వేస్తున్న మా పాప మాత్రం “నాది చివర్లో కుట్టమ్మా, నేను చెట్టునే కదా” అని సర్దుకుపోతోంది. ఇప్పుడు కాదంటే బడిలో నా మాట పోతుంది. ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ మీ పాప అన్న మాట దగ్గరే ఆగిపోయాను. మీరు దాన్ని సర్దుబాటు అనుకుంటున్నారు. నిజంగా అంతే అయితే సంతోషమే. కానీ అంత చిన్న పిల్ల ఎవరూ అడగకుండానే వరసలో చివరికి జరిగి నిలబడిందంటే, అమ్మ అలసిపోతోందన్న బెంగ ఒకటి, తన వేషం కుట్టకపోయినా పరవాలేదన్న చిన్నబుచ్చుకోవడం ఒకటి, రెండూ కలిసి ఆ మాటలో ఉన్నాయేమోనని నాకు అనిపిస్తోంది. అందుకే మిగిలిన పనిలో మొదట కుట్టవలసింది ఆ చెట్టు దుస్తులే అంటాను.

ఇక గడువు సంగతి. మీరు రోజుకు నాలుగు గంటలు కూర్చుంటున్నారు. ఒక్కో జతకు రెండు రాత్రులు పట్టినా మిగిలిన 13 జతలకు 26 రాత్రులు కావాలి, ఉన్నవి 12. ఇది మీ చేతకానితనం కాదు, ఒప్పుకున్న రోజున ఎవరూ కూర్చుని వేయని లెక్క. రేపు ఉదయమే టీచరుగారికి ఫోన్ చేసి, క్షమాపణలతో మొదలుపెట్టకుండా, “ఐదు జతలు పూర్తయ్యాయి, మిగిలినవి మొత్తంగా కుట్టడానికి సమయం చాలదు, వాటిని తేలిక చేసే ఉపాయం ఒకటి ఉంది, ఇంకొందరు తల్లిదండ్రులు చేయి కలిపితే అనుకున్న రోజుకు అందిస్తాను” అని చెప్పండి. ఇలా ముందుగా చెబితే మీ మాట పోదు. ప్రదర్శనకు ముందురోజు రాత్రి చెబితేనే పోతుంది.

ఆ ఉపాయం ఏమిటో కూడా చెబుతాను, ఎందుకంటే నేనూ చాలా ఏళ్లు మిషన్ తొక్కినదాన్నే. వేదిక మీద దూరానికి కనిపించేవి రంగు, ఆకారం. కాజాలు, లైనింగు, మెడ పట్టీ నేర్పు ప్రేక్షకుల వరుసల దాకా చేరవు. కాబట్టి మిగిలిన భటులకు చొక్కాలు కుట్టకండి. ఇంట్లో ఉన్న చొక్కా, ప్యాంటు మీద, భుజాల నుంచి మోకాళ్ల దాకా ముందూ వెనకా వేలాడేలా ఒకే పొడవాటి గుడ్డకు నడుమ తల పట్టేంత చీలిక పెట్టి, అంచులు మడిచి కుట్టి, నడుముకు పట్టీ కడితే భటుడు సిద్ధం. పూర్తయిన ఇద్దరికి కూడా అదే తొడిగితే ఆరుగురూ ఒక్కలా ఉంటారు. కుందేళ్లకు వాళ్లింట్లోని తెల్ల దుస్తులే చాలు, తల పట్టీకి చెవులు, వెనక ఒక ఉన్ని బంతి ఉంటే సరిపోతుంది. చెవులు కత్తిరించి ఇచ్చే పని మిషన్ లేని ఇంట్లో కూడా జరుగుతుంది.

రెండు విషయాల్లో మాత్రం రాజీ పడకండి. రాజుగారి పై వస్త్రానికి మెడ దగ్గర గట్టిగా ముడివేసే నాడా పెట్టి ఉంటే, దాన్ని తీసేసి, ఎవరైనా తొక్కినా లాగినా ఇట్టే ఊడివచ్చే వెల్‌క్రో ముక్క కుట్టండి. పొడుగు దుస్తులేవైనా చీలమండకు పైనే ఆగాలి. పిల్లలు పరుగెత్తకుండా ఉండరు, తట్టుకుని పడితే పాత్ర మాట అటుంచి దెబ్బ తగులుతుంది.

మీ వారి విసుగు గురించి ఎక్కువ చెప్పను. ఆయన అడిగిన తీరు కటువుగా ఉంది. అయితే అర్ధరాత్రి దాకా మీరు మేలుకోవడం ఆయనకూ కష్టంగా ఉండవచ్చు. “నాకు సాయం చేయరు” అనే బదులు, “పదిన్నరకు నేను మిషన్ ఆపేస్తాను, అప్పటిదాకా ఈ గుడ్డలు గీతల వెంట కత్తిరించి పెట్టండి” అని ఒక పని చూపించి అడగండి. ఆ పదిన్నర మాటకు మీరు కూడా కట్టుబడాలి.

మళ్లీ చెట్టు దగ్గరికి వస్తాను. గోధుమరంగు దుస్తులు ఇంట్లో ఉంటే ఆకులకు ఫెల్ట్ గుడ్డ తీసుకోండి. అది అంచుల వెంట పోగులు ఊడదు కాబట్టి మడిచి కుట్టనక్కరలేదు, పాప తానే కత్తిరించగలదు. ఎన్ని ఆకులు కావాలో, ఏ కొమ్మ మీద పిట్ట ఉండాలో ఆమెనే చెప్పనివ్వండి. పెద్ద కన్ను ఉన్న సూదికి దారం మీరు ఎక్కించి ఇవ్వండి, ముందుకుట్టు, అంటే సూదిని పైకీ కిందికీ గుచ్చుతూ ముందుకు సాగే మామూలు కుట్టు, ఎలా వేయాలో ఒక్క ఆకుకు చూపించండి, మిగతా ఆకులు ఆమెవి. మొదటి రోజు రానంటే బలవంతం చేయకుండా, ఆమెకు కనిపించేలా మీరే కత్తిరించడం మొదలుపెట్టండి. ఆ ఆకుల్లో కొన్ని తలకిందులుగా ఉంటాయి, కుట్లు వంకరపోతాయి. పాప నిద్రపోయాక వాటిని విప్పి సరిచేయాలనిపిస్తుంది మీకు. దయచేసి ఆ పని చేయకండి. కింద కూర్చున్నవాళ్లెవరికీ ఆ వంకర కనిపించదు కానీ, విప్పి కుట్టారని మాత్రం ఆమెకు తెలిసిపోతుంది.