నెల్లూరు ఎండకు పాలిమర్ క్లే పూసలు గట్టిపడతాయా?

గట్టిపడవు, రోహిణి కార్తె ఎండలో పెట్టినా చాలదు, పాలిమర్ క్లే పూసలను ఓవెన్‌లో కాల్చాల్సిందే. పేరులో క్లే ఉన్నా ఇందులో మట్టి లేదు. సన్నని పీవీసీ ప్లాస్టిక్ పొడిని మెత్తబరిచే ద్రవంతో కలిపిన ముద్ద ఇది. ఆరిపోవడానికి ఇందులో నీరు ఉండదు. తగినంత వేడి తగిలితేనే పీవీసీ రేణువులు ఆ ద్రవాన్ని పీల్చుకుని ఒకదానికొకటి కలిసిపోతాయి. అందుకు రకాన్ని బట్టి సుమారు 110 నుంచి 130 డిగ్రీల సెల్సియస్ కావాలి. నెల్లూరు, ఒంగోలులో ఎండ ఎంత మండినా 45 డిగ్రీలకు అటూ ఇటూనే.

ఉదాహరణకు ఎరుపు, తెలుపు క్లే తీగలను పక్కపక్కన పెట్టి మెలితిప్పి చేసే చారల పూసనే తీసుకోండి. వేసవి మధ్యాహ్నం క్లే మరీ మెత్తబడి, మెలితిప్పేటప్పుడే చారలు అలుక్కుపోతాయి. కోయడానికి ముందు ఆ మెలిక తీగను కాసేపు ఫ్రిజ్‌లో ఉంచితే గీతలు స్పష్టంగా తెగుతాయి. తర్వాత 6 మిల్లీమీటర్ల మందానికి 15 నుంచి 30 నిమిషాలు కాల్చాలి. కచ్చితమైన వేడి, సమయం ప్యాకెట్ మీద ఉంటాయి, వాటినే నమ్మండి.

కుండలాగే దీన్నీ ముందు ఎండబెట్టాలనేది చాలామంది అపోహ. ఎండలో వదిలిన పచ్చి క్లే అరకొరగా బిగిసి, పిసికితే పొడిపొడిగా రాలుతుంది. ఓవెన్ నుంచి తీయగానే పూస కాస్త మెత్తగా అనిపిస్తే మాత్రం వేడి పెంచకండి, చల్లారాకే అసలు గట్టిదనం తెలుస్తుంది. మితిమీరిన వేడికి రంగు మాడడమే కాదు, హానికరమైన పొగ కూడా వస్తుంది.