అమ్మడూ, ముందు రెండో లెన్స్ సంగతి తేల్చుకో

అమ్మడూ,

ఆశీస్సులు. నీ మెసేజ్ చూశాను. అల్లుడేమో లెన్స్‌లు మార్చుకునే మిర్రర్‌లెస్ అంటున్నాడు, నీకేమో బ్యాగులో పడేసుకునే చిన్న కాంపాక్ట్ కెమెరా మీద మనసుంది, మధ్యలో నన్ను పెద్దమనిషిని చేశారు. పెళ్ళిళ్ళ ఫొటోలు తీసి బతికినవాణ్ణి కాబట్టి పెద్ద కెమెరా వైపే మాట్లాడతానని అల్లుడి ధీమా కాబోలు. చూద్దాం.

మీరిద్దరూ బాడీల గురించి, అంటే లెన్స్ సంగతి వదిలేసి ఒట్టి కెమెరాల గురించి, వాదించుకుంటున్నారు. ఎన్ని మెగాపిక్సెళ్ళు, 4కే వీడియో ఉందా, స్క్రీన్ తిరుగుతుందా అని. నేను అడిగేది ఒకటే. మిర్రర్‌లెస్ కొంటే దాంతో పాటు రెండో లెన్స్ కొంటావా, కొనవా? అది తేలితే తక్కినవి పెద్ద కష్టం కాదు.

ఎందుకడిగానో చెప్తాను, కాస్త లెక్కలుంటాయి, ఓపిక పట్టు. అల్లుడు చూసిన కానన్ ఆర్50నే తీసుకుందాం. 2023లో వచ్చింది. ఇంటి వాడకానికి మంచి కెమెరా, బ్యాటరీ, కార్డుతో కలిపి 375 గ్రాములే. డబ్బాలో దాంతో పాటు 18-45 అనే చిన్న జూమ్ వస్తుంది, దాన్నే కిట్ లెన్స్ అంటారు. దాని ఎపర్చర్, అంటే వెలుతురు లోపలికొచ్చే కన్నం, ఎఫ్/4.5 దగ్గర మొదలై, జూమ్ చేసేకొద్దీ 6.3కి పోతుంది. ఈ అంకె పెరిగితే లోపలికొచ్చే వెలుతురు తగ్గుతుందని నీకు చిన్నప్పుడే చెప్పాను, గుర్తుందో లేదో. ఇటు నువ్వు చూసిన కాంపాక్ట్, కానన్ జీ7ఎక్స్ ఎపర్చర్ ఎఫ్/1.8 దగ్గర మొదలై, మొత్తం జూమ్ చేసినా 2.8 దగ్గరే ఆగుతుంది.

సెన్సర్, అంటే లోపల వెలుతురు పడే పలక, మాటకొస్తే ఆర్50ది 22.3×14.9 మి.మీ., జీ7ఎక్స్‌ది 13.2×8.8 మి.మీ. వైశాల్యంలో మూడు రెట్లకి కొంచెం తక్కువ తేడా. అల్లుడు పట్టుకు కూర్చున్నది దీన్నే. కానీ ఎఫ్/4.5తో పోలిస్తే ఎఫ్/1.8 ఆరు రెట్లు పైగా వెలుతురునిస్తుంది. సెన్సర్ మూడు రెట్లు పెద్దదే, దాని మీద పడే వెలుతురేమో ఆరో వంతు. మొత్తమ్మీద చిన్న కెమెరాకే రెట్టింపు వెలుతురు అందుతోంది! ఇంట్లో ట్యూబ్‌లైటు కింద, రాత్రి పూట పెళ్ళిపందిట్లో, గుడి మండపంలో కిట్ లెన్స్ పెట్టిన మిర్రర్‌లెస్ కంటే ఆ చిన్నదే శుభ్రంగా తీస్తుంది. షాపువాడు ఈ లెక్క చెప్పడు.

రెండో లెన్స్ తగిలించావనుకో, కథ పూర్తిగా తిరగబడుతుంది. 50 ఎం.ఎం. ఎఫ్/1.8 అని ఒకటుంది, 160 గ్రాములు, కానన్ లెన్స్‌లలో బాగా చవకైనవాటిలో ఒకటి. అది పెట్టిన ఆర్50 ముందు ఏ జేబు కెమెరా నిలవదు.

పాప కూచిపూడి ప్రోగ్రాములకి పనికి రావాలన్నావు కదా, అక్కడికే వద్దాం. డాన్స్ ఫొటోకి షట్టర్ వేగం సెకనులో 250వ వంతు (1/250) కంటే తగ్గకూడదు. 1/60లో పెడితే మొహం బాగానే వస్తుంది, చేతివేళ్ళు మాత్రం అలుక్కుపోతాయి, ముద్ర ఏమిటో తెలియదు. ఫలానా హాల్లో లైటు ఎఫ్/2.8 దగ్గర, 1/250కి ఐఎస్ఓ 6400 అడుగుతోందనుకో. వెలుతురు చాలనప్పుడు పెంచుకునే అంకె ఈ ఐఎస్ఓ, పెంచేకొద్దీ ఫొటో గరుకవుతుంది. జీ7ఎక్స్ పూర్తి జూమ్‌లో ఆ 6400 మీదే తీస్తుంది. గరుకు కనిపిస్తుంది గానీ వాట్సాప్‌లో పంపుకోవడానికి, చిన్న ప్రింటుకి ఫరవాలేదు. అదే చోట కిట్ లెన్స్ జూమ్ చేసి 6.3లో పెడితే ఐఎస్ఓ 32000 దాకా పోవాలి. ఆర్50 మామూలు హద్దే అది, ఫొటో ఇసక చల్లినట్టు ఉంటుంది. 50 ఎఫ్/1.8 పెడితే 2500 చాలు. మూడు ఫొటోలు పక్కపక్కన పెడితే పాపే చెప్తుంది ఏది బాగుందో.

దూరం కూడా చూసుకో. ఆర్50 మీద 50 ఎం.ఎం. అంటే పాత ఫిల్మ్ కెమెరాల లెక్కలో 80 ఎం.ఎం. చూపు. స్టేజీకి ఎనిమిది మీటర్ల దూరంలో కూర్చుని కెమెరా నిలువుగా పట్టుకుంటే 3.6 మీటర్ల ఎత్తు ఫ్రేములో పడుతుంది. పాప అందులో సగం కూడా ఉండదు, తరవాత కత్తిరించుకోవాలి. 24 మెగాపిక్సెళ్ళున్నాయి కాబట్టి కత్తిరించినా సరిపోతుంది. వెనక వరసలో సీటిస్తే మాత్రం 85 ఎం.ఎం. లాంటిది కావాలి. 55-210 జూమ్ కొనమని షాపులో అంటారు, పగటి పూట ఆటస్థలంలో అది దివ్యంగా ఉంటుంది. హాల్లో వద్దు, చివరికి వెళ్ళేసరికి దాని ఎపర్చర్ 7.1.

ఇంకోటి, ఇది ఏ కెమెరాకైనా వర్తిస్తుంది. నట్టువాంగం విను, స్క్రీన్ వైపే చూస్తూ కూర్చోకు. జతి చివర "తధిగిణతొం" మూడోసారి పడేటప్పుడు, ఆఖరి అక్షరానికి ఒక్క పిసరు ముందే వేలు నొక్కాలి. పిల్ల భంగిమలో ఆగిపోయి ఉంటుంది, జడకుచ్చులు మాత్రం ఇంకా గాల్లో ఉంటాయి. అది దొరికిందంటే ఆ రోజుకి చాలు. ఆ అక్షరం విన్నాక నొక్కావా, కుచ్చులు వీపు మీద పడిపోయి ఉంటాయి. చప్పుడు రాకూడదని ఎలక్ట్రానిక్ షట్టర్ పెడతారు కొందరు. ఇప్పుడు హాళ్ళలో అన్నీ ఎల్‌ఈడీ లైట్లే, ఆ షట్టర్‌తో ఫొటోలో అడ్డంగా నల్లటి చారలొస్తాయి. ప్రోగ్రాం మొదలవకముందే రెండు తీసి చూసుకో. జేబు కెమెరాల్లో చాలావాటికి షట్టర్ లెన్స్‌లోనే ఉంటుంది కాబట్టి చప్పుడు దాదాపు ఉండదు, చారల గొడవా తక్కువే. పెద్దవాళ్ళు కచేరీ వింటున్నప్పుడు అది చాలా మర్యాద.

ఇంత చెప్పాక "అయితే మిర్రర్‌లెస్, 50 లెన్స్ కొనెయ్యమంటావు, అంతేగా మామయ్యా?" అంటావు. ఆగు.

ఫోన్ గ్యాలరీ తెరిచి, పోయిన ఏడాదిగా తీసిన ఫొటోలు ఒకసారి కిందికి జరుపుతూ చూడు. స్టేజీవి ఎన్ని? వంటింట్లో అమ్మమ్మవి, కారులో నిద్రపోతున్న పాపవి, దారిలో టిఫిన్ సెంటర్ దగ్గర తీసినవి ఎన్ని? ఎన్నిట్లో జూమ్ చేసి ముద్ద చేసుకున్నావు? నువ్వు నిజంగా ఎలాంటి ఫొటోలు తీస్తావో అక్కడే ఉంది. నాకు తెలిసినంతలో నీ ఫొటోల్లో ఎక్కువ భాగం అనుకోకుండా తీసినవే. అనుకోకుండా తీసేవాళ్ళకి కెమెరా చేతికందే చోట ఉండాలి. జేబులో పట్టే కెమెరా అంటారు గానీ, నీ చుడీదార్‌కి జేబేదీ? (నా లాల్చీకి రెండున్నాయి.) జీ7ఎక్స్ 300 గ్రాముల చిల్లర, హ్యాండ్‌బ్యాగులో గొడుగు పక్కన పడుంటుంది. ఆర్50కి రెండు లెన్స్‌లంటే బరువు పెద్దగా ఏమీ కాదు గానీ విడిగా ఒక సంచీ కావాలి. ఆ సంచీ ఇంట్లోంచి బయటికి వచ్చేది ప్రోగ్రాములకే. పాప ప్రోగ్రాములు ఏడాదికి ఎన్నో నాకంటే నీకే బాగా తెలుసు.

రామప్ప వెళ్దామన్నారు కదా. రంగమండపం లోపల వెలుతురు తక్కువ, స్తంభాల మీద పనేమో మహా సన్నం. స్టాండు పెట్టుకోవాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలి. చేత్తోనే తీయాలి. అలాంటి చోట వెడల్పు చూపులో ఎఫ్/1.8, దానికి చేతి వణుకు ఆపే స్టెబిలైజర్ తోడైతే 1/30లో కూడా నిలుస్తుంది, రాయి ఎటూ కదలదు. ఆ పని చిన్న కెమెరా చక్కగా చేస్తుంది.

కాంపాక్ట్‌తో తలనొప్పులూ ఉన్నాయి, అవీ విను. ఒకటి, జీ7ఎక్స్‌కి వ్యూఫైండర్, అంటే కన్ను ఆనించి చూసే కిటికీ, లేదు. మన ఎండల్లో మధ్యాహ్నం స్క్రీన్ మీద ఏమీ కనపడదు, గుడ్డిగా నొక్కడమే. సోనీ ఆర్‌ఎక్స్100లో మూడో రకం నుంచి పైకి లేచే చిన్న వ్యూఫైండర్ పెట్టారు. మూడు, నాలుగు, ఐదు రకాల్లో ఎపర్చర్ కూడా 1.8-2.8 ఉంటుంది. 2019లో వచ్చిన ఏడోదానికి జూమ్ ఎక్కువ, 24-200, కానీ 2.8-4.5కి పడిపోయింది. నీకు దూరం ముఖ్యమా, చీకటి ముఖ్యమా చూసుకో. నేనైతే పాత ఐదునే తీసుకుంటాను.

రెండోది ఇసక. ఆన్ చేయగానే లెన్స్ గొట్టంలా బయటికొస్తుంది చూడు, ఆఫ్ చేస్తే లోపలికి పోతుంది. రుషికొండ బీచ్‌లో ఒక్క రేణువు ఆ సందులో ఇరుక్కుంటే లెన్స్ ఎర్రర్ అని చూపించి ఆగిపోతుంది, రిపేరు ఖర్చు వింటే కొత్తది కొనడం నయమనిపిస్తుంది. లోపల సెన్సర్ మీద దుమ్ము పడినా మనం తీయలేం, విప్పించాల్సిందే. బ్యాగులో జిప్ ఉన్న చిన్న కవర్‌లో పెట్టు, బీచ్‌లో ఫోనే వాడు. మిర్రర్‌లెస్‌లో దుమ్ము పడితే లెన్స్ తీసి, బాడీని కిందికి వంచి రబ్బరు బ్లోయర్‌తో రెండు ఊదులు ఊదితే చాలావరకు పోతుంది. నోటితో మాత్రం ఊదకు, ఉమ్ము పడుతుంది.

కాంపాక్ట్ బ్యాటరీ రెండు వందలు, రెండు వందల యాభై ఫొటోలకే అయిపోతుంది, ఇంకోటి కొనుక్కో. విశాఖలో ఉంటున్నావు కాబట్టి తేమకి లెన్స్‌లో బూజు పడుతుంది. సాలెగూటి పోగుల్లా పాకుతుంది, ఒకసారి పాకితే వదలదు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టు, రంగు మారగానే కొత్తవి వెయ్యి. తోలు కేసులో పెట్టి బీరువాలో దాచడం అన్నిటికంటే చేటు.

పది, ఇరవై రెట్ల జూమ్ అని చవగ్గా అమ్మే కాంపాక్ట్‌ల జోలికి పోవద్దు. వాటి సెన్సర్ 6.2×4.6 మి.మీ. మాత్రమే, నీ ఫోనే వాటికంటే బాగా తీస్తుంది. పోతే రికో జీఆర్, ఫ్యూజీ ఎక్స్100 అని కుర్రాళ్ళు కలవరిస్తుంటారు. జీఆర్ 3 అద్భుతమైన కెమెరా. 257 గ్రాముల్లో పెద్ద సెన్సర్ పెట్టారు. కానీ 28 ఎం.ఎం. చూపు ఒక్కటే, జూమ్ లేదు, ఫ్లాష్ లేదు. వీధుల్లో మనుషులకి దగ్గరగా వెళ్ళి తీసేవాళ్ళది అది. స్టేజీ మీద పాప చీమంత కనిపిస్తుంది. ఎక్స్100 జేబులో పట్టదు, ధర మాట ఎత్తొద్దు.

అల్లుడు సెకండ్‌హ్యాండ్‌లో కానన్ పాత మిర్రర్‌లెస్ ఎం50 చవగ్గా ఉందన్నాడని రాశావు. ఫొటోలు బాగానే తీస్తుంది. కానీ మిర్రర్‌లెస్ కొనడమంటే ఆ మౌంట్‌తో, అంటే లెన్స్ బిగించే ఆ అమరికతో, వియ్యమందడం, ఇక లెన్స్‌లన్నీ ఆ ఇంటి నుంచే రావాలి. ఎం50ది ఈఎఫ్-ఎం మౌంట్, కానన్ దాన్ని వదిలేసింది. ఆ లెన్స్‌లు రేపు కొనే ఆర్ కెమెరాలకి ఎక్కవు. మిర్రర్‌లెస్సే అనుకుంటే ఆర్50, లేదా సోనీ ఎ6400 చూడండి, ఇంకా పెద్ద సెన్సర్ ఉండే ఫుల్‌ఫ్రేమ్ మాట వద్దు. బాడీ చిన్నదైనా దాని లెన్స్‌లు చిన్నవి కావు.

ఇక నా తీర్పు. నీకు 1 అంగుళం సెన్సర్ (జీ7ఎక్స్‌లోని 13.2×8.8 సైజునే అలా పిలుస్తారు) కాంపాక్ట్, ఎఫ్/1.8-2.8 రకం. చిన్నది కదా చవగ్గా వస్తుందనుకోకు, ఈ మధ్య వీటికి గిరాకీ పెరిగి మిర్రర్‌లెస్‌తో పోటీగా పలుకుతున్నాయి. పాప ప్రోగ్రాం రోజుకి మాత్రం మిర్రర్‌లెస్, 85 లెన్స్ అద్దెకి తెచ్చుకోండి, వైజాగ్‌లో కనుక్కుంటే రోజు లెక్కన ఇచ్చేవాళ్ళు దొరుకుతారు. రెండు ప్రోగ్రాములయ్యాక అల్లుడికి అది వదలబుద్ధి కాకపోతే అప్పుడు కొనుక్కోండి, కిట్ లెన్స్ లేకుండా బాడీ, 50 లెన్స్. అంతే తప్ప కిట్ లెన్స్ ఒక్కటే పెట్టుకుని తరవాత చూద్దాంలే అనుకునేట్టయితే ఆ డబ్బు దండగ.

ఆదివారం షాపుకి వెళ్తున్నారుగా. మీ మెమరీ కార్డు తీసుకెళ్ళు. రెండు కెమెరాల్లోనూ అదే వేసి, లైట్లు తక్కువున్న మూల అల్లుణ్ణి నిలబెట్టి చెయ్యి ఊపమను, 1/250లో తియ్యి. రెండూ నాకు పంపు, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపు, మామూలుగా పంపితే నాణ్యత పోతుంది. బిల్లు జీఎస్టీతో, ఇండియా వారంటీ కార్డుతో తీసుకో. ఫ్రీగా ఇచ్చే బ్యాగు, స్టాండు వద్దని చెప్పి, వాటి బదులు మంచి కార్డు ఇమ్మని అడుగు, వి30 అని రాసి ఉండాలి. అల్లుడు అలిగితే నాకు ఫోన్ చెయ్యమను, నేను మాట్లాడతాను.

మీ మామయ్య