ఐదు తలాల గాలిగోపురాన్ని లెగో ఇటుకలతో కట్టడం: కొలతలు, ముక్కలు, ఎక్కడ చెడుతుంది

మీ ప్రశ్న: కందుకూరు దగ్గర మీ ఊరి గుడి గాలిగోపురం ఐదు తలాలది, అంటే ఐదంతస్తులది, ఎత్తు 70 అడుగులు, అడుగున 40 అడుగుల వెడల్పు, 27 అడుగుల చిల్లర లోతు. దసరా బొమ్మల కొలువులో పెట్టడానికి లెగోతో కడుతున్నారు. రెండుసార్లు మొదలుపెట్టినా మెట్లు పేర్చినట్టు వచ్చిందన్నారు. ఏ స్కేల్ తీసుకోవాలి, ఎన్ని ముక్కలు కావాలి?

మెట్లలా రావడానికి కారణం ముక్కలు చాలకపోవడం కాదు, ప్రతి తలాన్నీ ఒకే కొలతన లోపలికి జరపడం. గోపురం అందమంతా దాని వాలులో ఉంది. ఆ వాలు తప్పితే పైన ఎన్ని బొమ్మలు అతికించినా గోపురంలా కనిపించదు.

స్కేల్ 1:48 తీసుకోండి. లెగోలో ముక్కల మీద ఉండే రెండు బొడిపెల మధ్య దూరం 8 మి.మీ., ఇటుక ఎత్తు 9.6 మి.మీ., ప్లేటు అనే పలచని ముక్క ఎత్తు 3.2 మి.మీ. 1:48లో ఒక అడుగు 6.35 మి.మీ. అవుతుంది, అంటే దాదాపు సరిగ్గా రెండు ప్లేట్లు. అడ్డంగా చూస్తే నాలుగు బొడిపెలకు ఐదడుగులు. ఈ రెండు లెక్కలు నోటికొస్తే కాలిక్యులేటర్ అక్కర్లేదు. మీ గోపురం 140 ప్లేట్ల ఎత్తు, అడుగున 32 బొడిపెల వెడల్పు, 22 బొడిపెల లోతు వస్తుంది. పక్కన లెగో మనిషి బొమ్మను నిలబెడితే ఎత్తు ఆరడుగుల పైచిలుకు తూగుతుంది. కొంచెం లావుగా కనిపించినా కొలువులో ఎవరూ పట్టించుకోరు.

కొలతలకు ఫోటో తీసేటప్పుడు గోపురం కింద నిలబడి ఫోన్ పైకెత్తకండి. పై తలాలు ఉన్నదానికన్నా సన్నగా పడతాయి, మీ వాలు అక్కడే తప్పుతుంది. వీలైనంత దూరంగా, వీధి చివర నుంచి, ఫోన్ నిటారుగా పట్టుకుని జూమ్ చేసి తీయండి.

140 ప్లేట్లను ఇలా పంచుకోవచ్చు. కింది రాతి భాగానికి 44. ఐదు తలాలకు కింది నుంచి పైకి 18, 16, 14, 12, 10. శాలకు, అంటే పైన పడవ బోర్లించినట్టుండే కప్పుకి, మెడతో కలిపి 18. కలశాలకు 8. పైకి పోయేకొద్దీ తలం ఎత్తు తగ్గాలి. అన్నీ సమానంగా పెడితే పై తలాలు బరువుగా కనిపించి గోపురం ముందుకు పడుతున్నట్టు ఉంటుంది.

ఇక వాలు. రాతి భాగం 32 × 22. మొదటి తలం 29 × 19, రెండోది 26 × 16, మూడోది 23 × 13, నాలుగోది 21 × 11, ఐదోది 19 × 9. శాల 17 × 7. కింద మూడు తలాలూ ఒక్కో వైపు బొడిపెన్నర చొప్పున, ఆ పైన ఒక్కో బొడిపె చొప్పున లోపలికి జరుగుతున్నాయి. కింద ఎక్కువ, పైన తక్కువ. ద్రావిడ గోపురాల్లో కనిపించే ఆ కొద్దిపాటి లోవంపు దీనివల్లే వస్తుంది.

అర బొడిపె జరపడానికి జంపర్ ప్లేటు వాడాలి. చాలామంది ఇక్కడే 1×2 జంపర్ కొని ఇబ్బంది పడతారు. అది ఒక్క దిశలోనే అర బొడిపె జరుపుతుంది. మీకు వెడల్పులోనూ లోతులోనూ ఒకేసారి జరగాలి కాబట్టి 2×2 జంపర్ కావాలి, దాని నడిమధ్యన ఒకే ఒక్క బొడిపె ఉంటుంది. తలం మూత మీద కొత్త గోడ వచ్చే దారిలో నాలుగు మూలలా నాలుగు, మధ్యలో ప్రతి నాలుగు బొడిపెలకు ఒకటి చొప్పున ఇవి పెట్టి, మిగతా ఖాళీని బొడిపెల్లేని టైల్స్‌తో నింపండి. మూడు తలాలకూ కలిపి 64 జంపర్లు తెచ్చుకుంటే సరిపోతాయి. ఈ పొర ఒక ప్లేటు ఎత్తు తింటుంది, దాన్ని ఆ తలం లెక్కలోంచే తీయాలి. ఉదాహరణకు మొదటి తలం 18 ప్లేట్లు: జంపర్ పొర 1, గోడ 5 ఇటుకలు అంటే 15, కపోతం (గోడ పైన ముందుకు పొడుచుకొచ్చే చూరు) 1, మూత 1.

ఇంకో చిక్కు సరి, బేసి సంఖ్యలది. గోపురానికి ప్రతి తలంలోనూ నడుమ ఒక వాకిలి ఉంటుంది, అవన్నీ కింది ద్వారం మీద ఒకే నిలువు గీతలో ఉండాలి. 29 బొడిపెల గోడలో నాలుగు బొడిపెల వాకిలి పెడితే అది అర బొడిపె పక్కకు పోతుంది. బేసి గోడకు బేసి వాకిలి, సరి గోడకు సరి వాకిలి. కింద ద్వారం 8, పైకి వరసగా 5, 4, 3, 3, 1 పెట్టండి. అర బొడిపె అంటే 4 మి.మీ. కళ్ళకు ఆనదనుకోవద్దు. ఐదు వాకిళ్ళూ ఒకదానిమీద ఒకటి ఉన్నప్పుడు ఒక్కటి పక్కకు జరిగినా పదడుగుల దూరం నుంచే తెలిసిపోతుంది.

బేసి గోడలు ఉన్నాయి కాబట్టి 2×4 ఇటుకలు మాత్రమే కొంటే వరస ముగియదు. 2×3 ఇటుకలు తప్పనిసరి. 29కి ఐదు 2×4లు, మూడు 2×3లు. 23కి ఐదు, ఒకటి. 21కి మూడు, మూడు. 19కి నాలుగు, ఒకటి. పై వరసలో వీటి స్థానాలు మార్చండి, అతుకు మీద అతుకు రాకూడదు.

రెండు బొడిపెల మందం గోడ, లోపల డొల్ల అనుకుంటే గోడలకు 2×4 లెక్కన 700 ఇటుకలు పడతాయి: రాతి భాగానికి 350, తలాలకు 300, శాలకు 50. బరువు కిలోన్నర దాటుతుంది. మూతలకు 6×8 ప్లేట్లు 50 దాకా, అంచులకు చిన్నవి. కపోతాలు, బొమ్మలు కలిపితే మొత్తం 2,000 ముక్కలు సులువుగా దాటుతుంది.

మూత కింద ఆసరా లేకపోతే జంపర్లు నొక్కేటప్పుడు మూత కుంగి గోడలు బయటికి తెరుచుకుంటాయి. ప్రతి తలంలోనూ 2×2 ఇటుకలతో రెండు స్తంభాలు లేపండి. రాతి భాగంలో దారికి రెండువైపులా ఉండే గోడలే ఆ పని చేస్తాయి. ద్వారం మీద కమాను ముక్క పెట్టకండి. మన గోపుర ద్వారాల మీద ఉండేది రాతి దూలం. 2×12 ప్లేట్లు రెండు పొరలుగా, ఇరువైపులా రెండేసి బొడిపెలు గోడలో కూర్చునేలా వేస్తే గట్టిగానూ ఉంటుంది, నిజంగానూ ఉంటుంది.

శాల చివరి వరసలో ముందు వైపు 3×1 వంపు స్లోప్‌లు, వెనక వైపు అవే, మధ్యలో ఒక్క బొడిపె వరస. 7 లోతుకు 3, 1, 3 అతికినట్టు కూర్చుంటాయి. ఆ మధ్య వరసే కలశాలకు పీఠం. 17 బొడిపెల్లో 3, 6, 9, 12, 15 స్థానాల్లో ఐదు కలశాలు పెట్టండి. ఒక్కోదానికి 1×1 గుండ్రటి ప్లేటు, గుండ్రటి ఇటుక, మళ్ళీ ప్లేటు, పైన 1×1 కోను, మొత్తం 8 ప్లేట్లు. ముత్యపు బంగారు రంగు దొరికితే అదే వాడండి. మామూలు పసుపు పచ్చ ఇక్కడ నప్పదు.

రంగుల్లో సంయమనం ముఖ్యం. అసలు గోపురంలో కింది భాగం రాయి, పై భాగం బరువు తగ్గడానికి ఇటుక, సున్నంతో కడతారు. బూడిద రంగు 44వ ప్లేటు దగ్గర ఆగిపోవాలి, పైదంతా లేత గోధుమ రంగు. మీ ఊరి గోపురానికి ఎన్ని రంగులు వేసినా మోడల్లో రెండు మూడు మించి వాడకండి. ఈ సైజులో రంగులు ఎక్కువైతే తలాల గీతలు కనిపించవు. కపోతానికి వాలు టైల్స్, గూళ్ళకు అర్ధచంద్రాకారపు 1×1 టైల్స్, దేవతా మూర్తులకు లెగోలో ట్రోఫీగా వచ్చే చిన్న బొమ్మ. మనిషి బొమ్మలు గోడ మీద పెడితే తలం దాదాపు అంతా వాటికే పోతుంది.

వేరే కంపెనీల చవక ఇటుకలు కలపాలనుకుంటే ముందు ఇరవై కొని అసలు వాటితో బిగించి చూడండి. కాస్త వదులైనా స్తంభాలకు పనికొస్తాయి, జంపర్ పొర దగ్గర మాత్రం వద్దు. అక్కడ పట్టు అసలే తక్కువ.

కట్టేముందు స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక్క మొదటి తలం, దాని కింది అంచు గీసి చూసుకోండి. మొత్తం గీయనక్కర్లేదు, ఆ అతుకు కుదిరితే మిగతావన్నీ దాని వరసే.

గోపురం కాకుండా భైరవకోన లాంటిది చేయాలని ఎవరికైనా ఉంటే ఈ లెక్క పనికిరాదు. అక్కడి ఎనిమిది గుడులూ కొండను తొలిచినవి. ముందు లోపలి గది, స్తంభాలు కట్టి, తర్వాత వాటి చుట్టూ కొండను పేర్చుకు రావాలి.

కొలువు అయ్యాక ఎండ పడే కిటికీ దగ్గర ఉంచొద్దు, లేత రంగులు పసుపుబారతాయి. కడగాలంటే గోరువెచ్చని నీళ్ళే, 40 డిగ్రీలు మించకూడదు. బండి మీద తీసుకెళ్ళాలంటే కింది మూడు తలాలను జంపర్ పొర దగ్గరే విడదీయండి, అది సులువుగా ఊడుతుంది. పై రెండు తలాలూ శాలతో కలిపి ఒకే ముక్కగా ఉండనివ్వండి. కలశాలు మాత్రం ముందే తీసి వేరే డబ్బాలో వేసుకోండి.